ఆనప పిందె రాలిందని తేనెటీగల్ని తెచ్చాను

మా డాబా మీద ఆనపపాదు (మీ వైపు సొర అంటారేమో) పందిరంతా పాకి, ఒక్క పిందెనూ నిలబెట్టకుండా ఏడిపించిన ఏడాది నాకు తేనెటీగల పిచ్చి పట్టింది. ఈగలు లేకే కాపు లేదని ఎవరో అన్నారు. అంతే, నాలుగున్నర వేలు పెట్టి ఈగలతో సహా పెట్టె తెచ్చేశాను. తెచ్చిన నెలకి తెలిసింది, ఆనప పువ్వు విచ్చేది పొద్దు వాలాక అని, అప్పటికి మా ఈగలు గూటికి చేరిపోతాయని. ముప్పై ఏళ్లు లైన్‌మన్‌గా చేశాను. ఫాల్ట్ ఎక్కడుందో చూడకుండా ఫ్యూజు మార్చొద్దని కుర్రాళ్లని తిట్టేవాణ్ని. తీరా నా డాబా మీద నేనే ఆ పని చేశాను.

మాది రాజమండ్రికి దగ్గర, కడియం నర్సరీల పక్క. పెరట్లో నాలుగు కొబ్బరిచెట్లు, ఒక జామ, ఒక నిమ్మ. డాబా మీద డ్రమ్ములు, టబ్బులు కలిపి నలభై దాకా ఉన్నాయి. పెట్టె తేవాలని సరదా పడుతున్నవాళ్లు, నేను చివర్లో నేర్చుకున్నవి ముందే తెలుసుకుంటారని రాస్తున్నాను.

ముందు ఫాల్ట్ ఎక్కడో చూడండి

రాలిన పిందెని చేతిలోకి తీసుకోండి. కొస నుంచి పసుపురంగుకి తిరిగి, ముడుచుకుపోయి, వత్తితే గట్టిగా ఎండినట్టుంటే దానికి చాలావరకు పుప్పొడి అందలేదని లెక్క. అలాకాక ఒకచోట సూదితో పొడిచినట్టు చుక్క ఉండి, అక్కడ జిగురు కారి, మెత్తబడి వంకర తిరిగితే అది పండు ఈగ పని. కోసి చూస్తే లోపల తెల్ల పురుగులు కదులుతుంటాయి. ఈ రెండోదానికి ఎన్ని తేనెటీగలు తెచ్చినా లాభం లేదు. రాలినవన్నీ ఏరి కవర్లో కట్టి ఎండలో పడేయాలి, పందిరికి క్యూ లూర్ (పండు ఈగల్ని వాసనతో లాగే మందు) ఎర బుట్ట కట్టాలి. రాలిన కాయల్ని కంపోస్టు డబ్బాలో వేశారంటే మీరే పండు ఈగని పెంచుతున్నట్టు.

తర్వాత, పువ్వు వేళ తెలుసుకోవాలి. గుమ్మడి తెల్లారకముందే విచ్చుతుంది, తొమ్మిది పది అయ్యేసరికి ముడుచుకుంటుంది. దోస, కాకర పొద్దున పూస్తాయి. ఈ మూడూ తేనెటీగలకి పండగే. బీర సాయంత్రం నాలుగున్నర, ఐదుకి విచ్చుతుంది, వెలుగున్నంతసేపు ఈగలు తిరుగుతాయి. ఆనప, పొట్ల మాత్రం చీకటి పువ్వులు. వాటి దగ్గరికి వచ్చేవి రాత్రి తిరిగే రెక్కల పురుగులు. మా వీధిలో ఎల్‌ఈడీ దీపాలు పగలులా వెలుగుతుంటాయి, ఆ పురుగులు పెద్దగా కనపడవు.

కాబట్టి ఆనపకి చెయ్యే దిక్కు. రాత్రి ఏడు దాటాక మా ఆవిడ టార్చి పట్టుకుంటుంది, నేను మగ పువ్వు కోసి, రేకులు తుంచేసి, మధ్యలో ఉన్న పసుపు ముద్దని ఆడ పువ్వు మధ్యలో మెల్లిగా రాస్తాను. ఆడ పువ్వుకి కింద వేలెడంత నూగు పిందె ఉంటుంది, మగదానికి వట్టి కాడే. ఒక మగ పువ్వు రెండు మూడు ఆడ పువ్వులకి సరిపోతుంది. పాదు పూత మొదలెట్టిన మొదటి వారం పది రోజులూ మగ పూలే వస్తాయి, అప్పుడే కంగారుపడి త్రీజీ కటింగ్ (తీగ కొసలు తుంచి పక్క కొమ్మలు రప్పించడం) అంటూ కత్తెర పట్టుకోకండి. ఆ కటింగ్ వల్ల పక్క కొమ్మలు వచ్చి ఆడ పూలు పెరిగే మాట నిజమే. కానీ పుప్పొడి అందించేవాడు లేకపోతే పది పిందెలు రాలేచోట ముప్పై రాలతాయి, అంతే తేడా.

వంగ, టమాటా సంగతి వేరు. వాటి పుప్పొడి సన్నని గొట్టాల్లో ఉంటుంది, గట్టిగా అదిరితేనే రాలుతుంది. తేనెటీగకి ఆ అదురు చేతకాదు. మునగచెట్టు చుట్టూ ఝుమ్మని తిరిగే నల్ల తుమ్మెద పువ్వుని పట్టుకుని ఒళ్లంతా వణికిస్తుంది, ఆ దెబ్బకి పొడి పడుతుంది. తుమ్మెద ఎండుకొమ్మల్లో, వెదురులో చిల్లు పెట్టుకుని కాపురముంటుంది. అందుకే పందిరి వెదుళ్లు పాతబడినా రెండు మూడు ఒక మూల వదిలేస్తాను. అది కూడా రాకపోతే ఎండెక్కే వేళ టమాటా పూగుత్తిని వేలితో నాలుగు టిక్కులు కొట్టండి, చాలు.

పెట్టె కంటే ముందు పూలు, నీళ్లు

డాబా మీద ఉన్న నాలుగు పాదులతో ఒక తేనెటీగల కుటుంబం బతకదు. అవి కిలోమీటరు దాకా తిరిగి తెచ్చుకుంటాయి. మా చుట్టూ కొబ్బరి ఉండబట్టి ఏడాది పొడుగునా పూత దొరుకుతుంది. ఫాల్గుణం, చైత్రాల్లో వేప, ఆ వెనక కానుగ, చింత. మీ చుట్టుపక్కల ఏ చెట్లున్నాయో ఒకసారి నడిచి చూడండి. అపార్టుమెంట్లు తప్ప ఆకు కనపడకపోతే పెట్టె ఆలోచన మానుకోవడం మంచిది. ఈ మాట నాకు చెప్పినవాళ్లు లేరు.

ఇంట్లో మనం చేయగలిగింది, చెట్ల పూత సన్నగిల్లిన రోజుల్లో చేతికి అందే పూలు ఉంచడం. నేను ప్రత్యేకంగా కొన్నవి తక్కువ. కొత్తిమీర టబ్బులో సగం కోసుకుని సగం పూతకి వదిలేస్తాను. ముల్లంగి రెండు, ఆవాలు గుప్పెడు, సబ్జా, తులసి. తులసికి వెన్ను రాగానే తుంచేయాలంటారు, నేను తుంచను. తొమ్మిదింటికి విచ్చుకునే టేబుల్ రోజ్ మీద గంటసేపు ఈగల సందడి చూడాలి, కాళ్లకి పసుపు, నారింజ ముద్దలు కట్టుకుని ఎగరలేక ఎగురుతాయి. ముద్దబంతి మనకి అందమే కానీ వాటికి దాంట్లో దొరికేది స్వల్పం, ఒంటి రేకల బంతి వేయండి. గోడ వార మొలిచే గడ్డి చామంతిని పీకకండి.

నీళ్లు తప్పనిసరి. వెడల్పు మట్టి మూకుట్లో గులకరాళ్లు వేసి, రాళ్లు తడిసేంత నీళ్లు పోయాలి. రాళ్లు లేకపోతే మునిగి చస్తాయి. ఆ మూకుడు పెట్టె తెచ్చిన రోజే పెట్టాలి, చోటు మార్చకూడదు. నేను వారం ఆలస్యం చేశాను. ఈలోగా అవి పక్కింటి పిన్నిగారి కుళాయి గట్టు అలవాటు చేసుకున్నాయి. ఆవిడ బట్టలు ఉతుక్కోవడానికి రాలేక, "ఏం నాయనా, మీ పశువుల్ని మా ఇంటికి తోలావా" అంది. ఆ అలవాటు మాన్పించడానికి రెండు వారాలు పట్టింది, ఆ రెండు వారాలూ పిన్నిగారింటికి బెండకాయలు పంపాం.

మందుల విషయంలో ఒక్కటే పట్టింపు. ఇమిడాక్లోప్రిడ్ లాంటివి ఇంటి తోటలో వద్దు, అవి మొక్క రసంలోకి ఎక్కి పుప్పొడిలోకి, తేనెలోకీ వస్తాయి. పేనుబంక వస్తే ముందు నీళ్ల పైపుతో గట్టిగా కొట్టండి. తగ్గకపోతే లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి, పొద్దు గూకాక, పువ్వుల మీద పడకుండా ఆకుల అడుగున కొట్టండి. దోమల పొగ బండి వీధిలోకి వచ్చిందంటే ఆ సాయంత్రం పెట్టె గుమ్మానికి తడిగుడ్డ అడ్డం వేస్తాను, పొగ పోయాక తీసేస్తాను.

మొదటి పెట్టె ఎలా పోయింది

మన ఇళ్లకి సరిపడేది పుట్ట తేనెటీగ. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో, గోడ సందుల్లో చీకట్లో వరసగా పట్లు కట్టేది ఇదే. కొండ తేనెటీగ పెద్ద చెట్లకీ, వాటర్ ట్యాంకులకీ ఒక్కటే పెద్ద పట్టు కడుతుంది, దాన్ని పెట్టెలో పెంచడం కుదరదు, దాని జోలికి పోకండి. ఇటలీ తేనెటీగ తేనె బాగా పెడుతుంది కానీ పంట మారినప్పుడల్లా పెట్టెలు లారీలో వేసుకుని తిరిగేవాళ్లది అది. పెట్టె కొలతలు కూడా వేరు. పుట్ట తేనెటీగకి చిన్న ఫ్రేముల (ఈగలు పట్టు కట్టుకునే చెక్క చట్రాల) పెట్టె కావాలి. ఇటలీ ఈగల పది ఫ్రేముల పెట్టె చూపించి "ఏదైనా ఒకటే సార్" అన్నవాడు నాకూ తగిలాడు.

మాఘంలో తెచ్చి డాబా మీద, రేకు కింద పెట్టాను. మురిపెం కొద్దీ రోజూ మూత తీసి చూసేవాణ్ని. చైత్రం దాటాక రేకు కింద వేడికి గుమ్మం బయట ఈగలు గడ్డంలా గుత్తి కట్టి వేలాడేవి. చల్లగాలికి కూర్చున్నాయనుకున్నాను. తర్వాత కాళ్లకి పుప్పొడి లేకుండానే వస్తున్నాయి, గదుల్లో గుడ్లు లేవు, పైన ఉన్న తేనె ఖాళీ అయిపోతోంది. ఇవన్నీ ఇల్లు ఖాళీ చేస్తున్న గుర్తులని నాకేం తెలుసు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఒక పొద్దున పదింటికి పెట్టెలోంచి మొత్తం లేచి, కొబ్బరిచెట్ల పైగా గోదావరి వైపు వెళ్లిపోయాయి. అయిదు నిమిషాలు పట్టిందేమో. ఖాళీ పట్లు మిగిలాయి, రెండు వారాల్లో వాటిని మైనపు పురుగు తినేసింది.

రెండోది మీటరు డబ్బాలో దొరికింది

ఆ కార్తీకంలో మా వీధి చివర పాడుబడ్డ ఇంటి మీటరు డబ్బాలో పుట్ట తేనెటీగలు పట్టాయి. కనెక్షన్ ఎప్పుడో తీసేసిన డబ్బా. అయినా టెస్టర్ పెట్టి చూశాకే చెయ్యి వేశాను, మీరు కూడా అంతే, లేదా కరెంటు తెలిసినవాణ్ని పిలవండి. ఇంతకుముందు ఈ పని చేసిన మనిషి పక్కన లేకుండా మాత్రం మొదటిసారి దిగొద్దు. నేను కృషి విజ్ఞాన కేంద్రంలో ఒక రోజు శిక్షణకి వెళ్లి, అక్కడ పరిచయమైన ఒక పెద్దాయన్ని బతిమాలి తెచ్చుకున్నాను. చేసింది ఇదీ.

సాయంత్రం అయిదున్నరకి, ఈగలు ఇల్లు చేరుతున్నప్పుడు మొదలుపెట్టాం. ధూపం వేసే గిన్నెలో కొబ్బరి పీచు రాజేసి, రెండు సార్లు పొగ ఊదాం. ఎక్కువ పొగ పెడితే బెదిరి రాణితో సహా లేచిపోతాయి. డబ్బా తలుపు తీస్తే అరచేతి వెడల్పున అయిదు పట్లు, వాటి మీద పాకే ఈగలు. ఒక్కో పట్టునీ చాకుతో పైనుంచి కోసి, ఈగల్ని ఈకతో పక్కకి తోసి, పిల్లలున్న భాగం మాత్రం ఫ్రేములో పెట్టి అరటి నారతో రెండు చుట్లు కట్టాం. డబ్బాలో పై వైపు ఉన్నది ఫ్రేములోనూ పైకే ఉండాలి, తలకిందులైతే గదులు కిందికి వాలిపోతాయి. తేనె ఉన్న ముక్కల్ని పెట్టెలో పెట్టలేదు. అవి బరువుకి తెగి, కారి, చీమల్ని పిలుస్తాయి.

పట్లు అయ్యాక మిగిలిన గుత్తిని ప్లాస్టిక్ డిప్పతో దోసిళ్లు దోసిళ్లుగా పెట్టెలో వంచాం. రాణి ఎక్కడో వెతకలేదు. నాలుగో డిప్పకి, బయట ఉన్న ఈగలు పెట్టె గుమ్మం దగ్గర తోక ఎత్తి రెక్కలు ఆడిస్తూ వరస కట్టి లోపలికి నడవడం మొదలెట్టాయి. పెద్దాయన "దొరసాని లోపలికెళ్లిందండి" అన్నాడు. చీకటి పడ్డాక ఎర్ర బల్బు పెట్టుకున్నాం, ఎర్ర వెలుతురు వాటికి కనపడదు, మొహం మీదికి రావు. అన్నీ ఎక్కాక గుమ్మానికి రాణి గేటు బిగించాం. దాంట్లోంచి కూలి ఈగ దూరుతుంది, రాణి దూరలేదు. రాణి లేకుండా మిగతావి పోవు. అయిదో రోజు గేటు తీసేశాను. అప్పటికే పట్లని మైనంతో ఫ్రేముకి అతికేసి, అరటి నారని కొరికి ముక్కలు ముక్కలుగా బయటికి ఈడుస్తున్నాయి.

ఈసారి పెట్టె పెరట్లో జామచెట్టు నీడన, గుమ్మం తూర్పుకి. పొద్దున్నే ఎండ గుమ్మానికి తగిలితే పనికి త్వరగా బయలుదేరతాయి. ఎదురుగా నాలుగడుగుల దూరంలో ఆరడుగుల ఎత్తు దడి కట్టి చిక్కుడు పాకించాను. ఈగలు దడి దాటడానికి పైకి లేస్తాయి, మనుషుల తలల మీదుగా పోతాయి, మొహానికి తగలవు. స్టాండు కాళ్లు నాలుగూ నీళ్ల డబ్బాల్లో ఉంటాయి, చీమలెక్కకుండా. ఆ నీళ్లు ఆరిపోయిన ఒక్క రాత్రి చాలు, గండు చీమలు కుటుంబాన్నే లేపేస్తాయి. కొమ్మ వాలి పెట్టెకి తగిలినా అంతే, అది చీమలకి వంతెన. వేసవిలో మూత మీద తడి గోనె. రాత్రుళ్లు దగ్గర్లో దీపం వెలిగించను, దానికి వచ్చి కొట్టుకుని చస్తాయి.

వారానికి ఒక్కసారి, పది నిమిషాలు

ఎండ ఉన్న పొద్దున, ఎనిమిదిన్నర తొమ్మిది మధ్య చూడండి. పక్కన నిలబడాలి, గుమ్మానికి ఎదురుగా కాదు. లేత రంగు బట్టలు, సెంటు లేకుండా. ముసుగు వేసుకోండి, నేను సిగ్గుపడి వేసుకోక కనురెప్ప మీద కుట్టించుకున్నాను.

ఫ్రేము ఎత్తి, సూర్యుణ్ని మీ భుజం వెనక ఉంచుకుని గదుల అడుక్కి చూడాలి. తెల్ల దారం ముక్క నిలబెట్టినట్టు సన్నటి గుడ్డు కనపడిందా, రాణి మూడు రోజుల లోపల అక్కడ ఉన్నట్టే. రాణిని వెతుకుతూ పెట్టెంతా కెలకనక్కర్లేదు. పోతుటీగల గదుల మూతలు టోపీలా ఉబ్బి, నడిమధ్యన సూదిమొనంత చిల్లుంటాయి, అది జబ్బు కాదు. పట్టు అంచున వేరుశనగకాయలా ఏదైనా కిందికి వేలాడుతుంటే అది కొత్త రాణి గది, కుటుంబం రెండుగా చీలబోతోంది. అప్పుడు పాత రాణితో సహా మూడు ఫ్రేములు వేరే పెట్టెలోకి మార్చేస్తే ఎగిరిపోకుండా మనకే రెండు కుటుంబాలు మిగులుతాయి. మొదటి ఏడాది ఈ పని ఒంటరిగా చేయకండి.

అడుగు పలక తుడవడం మరిచిపోవద్దు. నల్లటి గసగసాల్లాంటి రెట్ట, సాలెగూడు లాంటి తెల్లటి బూజు కనపడితే మైనపు పురుగు చేరినట్టు. ఈగలు కమ్ముకోని పాత నల్ల పట్లు తీసి పారేయండి. పిల్లపురుగులు గదుల్లో నిలువుగా, నీళ్ల సంచుల్లా చచ్చి పడుంటే అది సంచి రోగం. 1990ల మొదట్లో దక్షిణాదిలో పుట్ట తేనెటీగల్ని చాలావరకు తుడిచిపెట్టింది ఈ జబ్బే. దానికి మందు లేదు, ఆ పెట్టె ఫ్రేములు, పట్లు ఇంకొకరికి ఇవ్వకండి, తెచ్చుకోకండి.

కుడితే ముల్లుని వెంటనే తీసేయండి, గోరుతో గీకినా వేళ్లతో పీకినా ఒకటే, ఆలస్యమైన కొద్దీ విషం లోపలికి పోతుంది. కుట్టినచోట పండిన అరటిపండు వాసన వస్తుంది, అది మిగతా ఈగలకి పిలుపు. అక్కణ్నుంచి తప్పుకుని చెయ్యి కడుక్కోండి. వాపు, దురద మామూలే. కానీ ఊపిరి అందకపోయినా, పెదాలు వాచినా, ఒళ్లంతా దద్దుర్లొచ్చినా సున్నం రాస్తూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఇంట్లో ఎవరికైనా ఇదివరకు అలా జరిగి ఉంటే పెట్టె పెట్టకండి.

పసిరిక పిట్టలు తీగ మీద కూర్చుని రోజుకి కొన్ని ఈగల్ని తింటాయి, తిననివ్వండి. వీధి మలుపులో చెరకు రసం బండి దగ్గర అంతకంటే ఎక్కువే చస్తాయి. బండివాడికి ఒక మూత గల డబ్బా కొనిచ్చాను, పిప్పి అందులో వేస్తున్నాడు.

తేనె, ఆ తర్వాత వానలు

మొదటి ఏడాది తేనె ఆశించకండి. రెండో వేసవిలో మాకు రెండు కిలోలు వచ్చింది. పై అరలో ఉన్నదే తీయాలి, కింద పిల్లలున్న గదిలోది వాటి బియ్యం డబ్బా. పట్టు మీద ముప్పాతిక వంతు గదులకి మైనం మూత పడ్డాకే తేనె పండినట్టు. తొందరపడితే నీళ్లెక్కువై సీసాలో పులుస్తుంది, మూత తీస్తే నురగ. నీళ్ల గ్లాసులో వేసి చూడటం, అగ్గిపుల్ల ముంచి వెలిగించడం లాంటి పరీక్షలు మా బంధువులంతా చేశారు. ముదురు పాకం పోసినా ఆ పరీక్షల్లో పాసవుతుంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను, ఏడాది నిండని పిల్లలకి తేనె నాకించొద్దు, పురిటి రోజున నాలుకకి రాయడం కూడా వద్దు. దాంట్లో ఉండే సూక్ష్మజీవి బీజాలు పసివాళ్ల పేగుల్లో విషం పుట్టిస్తాయి. మా మనవరాలి బారసాలప్పుడు దీని మీద ఇంట్లో పెద్ద గొడవే అయింది.

ఆషాఢం నుంచి వానలు పట్టాక పూత ఉన్నా ఈగలు బయటికి రాలేవు. అప్పుడు చక్కెర, నీళ్లు సమానంగా కాచి చల్లార్చి, కొబ్బరి చిప్పలో పోసి, తేలే పుల్లలు రెండు వేసి పెట్టె లోపల పెడతాను. సాయంత్రం పోయాలి, పగలు పోస్తే ఊళ్లో ఈగలన్నీ దోపిడీకి దిగుతాయి. ఒక చుక్క బయట ఒలికినా తుడిచేయండి. బెల్లం పాకం వద్దు, విరోచనాలు పట్టుకుంటాయి. రెండు రోజులకో చిప్ప చొప్పున, గదుల్లో తడి మెరుపు కనపడేదాకా పోసి, మళ్లీ ఎండ కాసిన వారం ఆపేస్తాను.